కంపెనీ కూలిపోకముందే గుర్తుపట్టడం ఎలా: వార్షిక నివేదికను చదివే పద్ధతి

ఒక కంపెనీ దివాలా తీసి, దాని ఆస్తులను అమ్మేయవలసి వచ్చినప్పుడు ఆ సొమ్ము ఎవరికి ఏ వరుసలో చెందాలో 2016 నాటి దివాలా స్మృతిలోని 53వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ముందుగా ఆ ప్రక్రియకు అయిన ఖర్చులు తీరాలి. ఆ తరువాత ఆస్తులు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులూ, కార్మికులకు రావలసిన 24 నెలల బకాయిలూ ఒకే మెట్టు మీద నిలబడతాయి. మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు వాటి కింది మెట్టు, తాకట్టు లేకుండా అప్పిచ్చినవారిది ఇంకా కింది మెట్టు, ఆ తరువాత ప్రభుత్వ బకాయిలు. సరుకు అరువిచ్చిన చిన్న సరఫరాదారు దాదాపు చివరన ఉంటాడు, వాటాదారు అందరికన్నా చివర ఉంటాడు. వీరి వంతు వచ్చేసరికి చాలా సందర్భాల్లో పంచడానికి ఏమీ మిగలదు కాబట్టి, షేర్లు కొనేవారికైనా, ఉద్యోగంలో చేరబోయేవారికైనా, అరువు మీద సరుకు పంపేవారికైనా చట్టం ఇచ్చే రక్షణ కన్నా ముందుగా తెలుసుకోవడం వల్ల కలిగే రక్షణే పెద్దది.

ఈ వ్యాసం ఆ ముగ్గురి కోసం రాస్తున్నాను. బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసిన సంవత్సరాల్లో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: నష్టాలు వచ్చినంత మాత్రాన కంపెనీ కూలిపోదు, చెల్లించవలసిన రోజున చేతిలో డబ్బు లేకపోతే కూలిపోతుంది. ఏళ్ల తరబడి నష్టాల్లో ఉండి కూడా బతికిన కంపెనీలున్నాయి, లాభాలు ప్రకటించిన ఏడాదే వాయిదా కట్టలేక చేతులెత్తేసిన కంపెనీలూ ఉన్నాయి. అందువల్ల ఇక్కడ చెప్పే ప్రతి పరీక్షా చివరకు ఒక్క ప్రశ్నకే చేరుతుంది: ఈ కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది, వచ్చే ఏడాది కట్టవలసినవి కట్టడానికి అది చాలుతుందా?

ముందుగా సేకరించవలసిన కాగితాలు

స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ అయితే దాని వార్షిక నివేదికలు కంపెనీ వెబ్‌సైటులోనూ, బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలోనూ ఉచితంగా దొరుకుతాయి. కనీసం అయిదేళ్లవి దింపుకోవాలి, ఎందుకంటే ఒక్క ఏడాది అంకెలు ఎంత బాగున్నా, ఎంత బాగాలేకపోయినా వాటి నడక ఎటు ఉందో చెప్పలేవు. ప్రతి మూడు నెలలకూ వెలువడే వాటాల పట్టికనూ, కంపెనీల అప్పు తీర్చగల శక్తిని అంచనా వేసే క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి రేటింగు సంస్థలు విడుదల చేసే ప్రకటనలనూ వీటితో కలిపి ఉంచుకోవాలి. నమోదు కాని ప్రైవేటు కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి రుసుము కట్టి దాని లెక్కలు చూడవచ్చు.

అదే పోర్టల్‌లో ఛార్జీల జాబితా అని ఒకటి ఉంటుంది. కంపెనీ తన ఆస్తులను ఎప్పుడు, ఎవరికి, ఎంత మొత్తానికి తాకట్టు పెట్టిందో అందులో నమోదవుతుంది. చాలామంది దీని జోలికి పోరు గానీ, నా దృష్టిలో ఇది ఎంతో విలువైన పత్రం. అప్పటిదాకా ఒకటి రెండు జాతీయ బ్యాంకులతో నడిచిన కంపెనీ, ఉన్నట్టుండి అధిక వడ్డీకి అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలకు అవే షెడ్లనూ అవే యంత్రాలనూ మళ్లీ తాకట్టు పెట్టడం మొదలుపెట్టిందంటే, దాన్ని బాగా ఎరిగిన బ్యాంకు ఇక కొత్తగా అప్పు ఇవ్వనన్నదని అనుమానించడానికి తగిన కారణం దొరికినట్టే.

నివేదికను వెనుక నుంచి ముందుకు చదవడం అలవాటు చేసుకోవాలి. ముందు పేజీల్లో ఛైర్మన్ లేఖ, రంగుల బొమ్మలు, అవార్డుల వివరాలు ఉంటాయి. ఆ పేజీలను కంపెనీ తనకు నచ్చినట్టు రాసుకోవచ్చు. వెనుక పేజీల్లోని ఆడిటరు నివేదికనూ, లెక్కల కింది వివరణలనూ మాత్రం చట్టం చెప్పిన ప్రకారం రాసి తీరాలి. ఈ తేడాను తెలుగువారు అనుభవపూర్వకంగా నేర్చుకున్నారు: సత్యం కంప్యూటర్స్‌కు సుపరిపాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం 2008లో వచ్చింది, కొద్ది నెలలకే ఆ కంపెనీ పుస్తకాల్లోని నగదులో చాలాభాగం లేనిదేనని బయటపడింది.

లాభం పక్కన నగదును పెట్టి చూడడం

క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అని పిలిచే నగదు రాకపోకల పట్టికలో మూడు భాగాలుంటాయి. వ్యాపారం చేయడం వల్ల వచ్చిన నగదు మొదటిది, యంత్రాలూ భవనాలూ ఇతర కంపెనీల వాటాలూ కొనడానికి, అమ్మడానికి సంబంధించినది రెండవది, అప్పులూ వాటాల సొమ్మూ వచ్చిపోయినది మూడవది. ఒక కాగితం తీసుకుని అయిదేళ్ల నికర లాభాలను ఒక వరుసలోనూ, అయిదేళ్లలో వ్యాపారం వల్ల వచ్చిన నగదును దాని కింది వరుసలోనూ రాసి, రెంటినీ విడివిడిగా కూడండి. రెండవ మొత్తం మొదటిదానికి దగ్గరగా గానీ అంతకన్నా ఎక్కువగా గానీ ఉండడం ఆరోగ్యకరమైన తయారీ కంపెనీ లక్షణం. అయిదేళ్లలో 100 కోట్లు లాభం చూపించి 15 కోట్ల నగదు మాత్రమే తెచ్చిన కంపెనీలో మిగిలిన 85 కోట్లు ఎక్కడ ఇరుక్కున్నాయో తేలేవరకూ ముందుకు వెళ్లకూడదు. బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ ఈ పరీక్ష వర్తించదు, ఎందుకంటే వాటికి డబ్బే సరుకు.

ఎక్కువగా ఇరుక్కునేది అరువు బాకీల్లోనే. నిజాయితీగా నడిచే, అమ్మకాలు పెరుగుతున్న కంపెనీ కూడా ఈ చిక్కులో ఎలా పడుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఏడాదికి 12 కోట్ల అమ్మకాలున్న ఒక చిన్న పరిశ్రమ 90 రోజుల అరువిస్తోంది అనుకుంటే, ఏ రోజు చూసినా బయట దాదాపు 3 కోట్లు ఉండిపోతాయి. పెద్ద ఆర్డర్లు వచ్చి అమ్మకాలు 24 కోట్లకు చేరాయి, అయితే ఆ పెద్ద కొనుగోలుదారులు 120 రోజుల అరువు అడిగారు. ఇప్పుడు బయట ఉండేది దాదాపు 8 కోట్లు, అంటే అదనంగా 5 కోట్లు కావాలి. పదిశాతం లాభం వచ్చిందనుకున్నా చేతికి వచ్చేది 2 కోట్ల 40 లక్షలే. మిగిలిన 2 కోట్ల 60 లక్షలను బ్యాంకు నుంచి గానీ, తనకు సరుకు ఇచ్చేవారిని ఆగమని చెప్పి గానీ తేవాలి. ముడిసరుకు నిల్వలకు కావలసిన డబ్బు దీనికి అదనం. యజమాని ఆ ఏడాది రికార్డు అమ్మకాలు చేశామని సంతోషిస్తూ ఉండగానే కరెంటు బిల్లు కట్టడానికి చేబదులు కోసం తిరుగుతుంటాడు. ఎదుగుతూ ఉన్న వ్యాపారమే ఊపిరాడక పోవడం బయటివారికి వింతగా కనిపిస్తుంది గానీ, చిన్న పరిశ్రమలకు అప్పులిచ్చేవారు దీన్ని తరచుగా చూస్తూనే ఉంటారు.

2021-22 నుంచి కంపెనీలు తమకు రావలసిన బాకీల వయసును కూడా వివరణల్లో చూపించాలి: ఆరు నెలల లోపువి, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, మూడేళ్లు దాటినవి. ఈ పట్టికలో కుడివైపు గడులు ఏటేటా బరువెక్కుతున్నాయా అన్నది చూడాలి. రెండేళ్లు దాటిన బాకీ వసూలవుతుందని చెప్పే కంపెనీ మాటను నేను సులభంగా నమ్మను. అది ప్రభుత్వ శాఖ నుంచి రావలసిన బిల్లు అయితే చివరకు రావచ్చు. కానీ ఆ చివరి వరకూ కాంట్రాక్టరు వడ్డీ కడుతూనే ఉండాలి కదా.

నగదు నిజంగా ఉందా

పై పరీక్షకు ఒక పరిమితి ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. సత్యం లెక్కలను ఎవరైనా 2008లో ఈ పద్ధతిలో చూసి ఉంటే అనుమానం వచ్చేది కాదు, ఎందుకంటే అక్కడ లేని లాభాన్ని లేని నగదుగానే చూపించారు. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో ఒప్పుకున్న ప్రకారం, 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు ఉంటే వాటిలో 5,040 కోట్లు లేనివే. ఆ త్రైమాసికంలో చూపిన ఆదాయం 2,700 కోట్లు, నిజమైనది 2,112 కోట్లు. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే 24 శాతం. నిజమైనది 61 కోట్లు, అంటే 3 శాతం. ఈ ఒక్క త్రైమాసికంలోనే 588 కోట్ల లేని నగదు పుస్తకాల్లోకి చేరింది.

లేఖలోని మరో రెండు అంకెలు చదువరికి ఎక్కువగా ఉపయోగపడతాయి. లేని నగదు మీద 376 కోట్ల లేని వడ్డీని కూడా చూపవలసి వచ్చింది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి మరో అబద్ధం అవసరమైనప్పుడు రెంటికీ పొంతన కుదిరిందో లేదో చూడడానికి బయటివారికి అవకాశం దొరుకుతుంది. కాబట్టి పెద్ద నగదు నిల్వ చూపే ఏ కంపెనీలోనైనా వడ్డీ ఆదాయాన్ని సగటు నిల్వతో భాగించి, ఆ శాతం అప్పటి బ్యాంకు డిపాజిట్ రేటుకు దగ్గరగా ఉందో లేదో చూడాలి. మరీ తక్కువగా ఉంటే ఆ నగదు ఏడాది పొడవునా అక్కడ లేదని, మార్చి 31న కనిపించడానికే తెచ్చారని అనుమానించవచ్చు. సరిపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండనక్కరలేదు, సరిపోకపోతే మాత్రం వెనక్కి తగ్గాలి. రెండవ అంకె 1,230 కోట్లు. కంపెనీని నడపడానికి ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి, అదుపులో ఉంచుకున్నవారి) షేర్లను తాకట్టు పెట్టి తెచ్చిన ఈ మొత్తం పుస్తకాల్లో లేనే లేదు. పుస్తకాల్లో వేల కోట్లున్న సంస్థకు రోజు గడవడానికి అప్పు అవసరమైందన్నమాట. చేతిలో పెద్దమొత్తం ఉందని చెప్పుకుంటూ, అదే సమయంలో వడ్డీకి అప్పు తెచ్చే కంపెనీ ఎదురైతే, ఎందుకు అన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు వచ్చేవరకూ వదిలిపెట్టకూడదు.

బ్యాంకు నిల్వలు ఉన్నాయో లేవో తేల్చవలసినది ఆడిటర్లు. సత్యం ఆడిటర్లు నిల్వల ధ్రువీకరణ లేఖలను బ్యాంకులకు పంపడం, జవాబులు తెప్పించుకోవడం తమ అదుపులో ఉంచుకోకుండా కంపెనీకే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో తేల్చింది. కాబట్టి పెద్ద ఆడిట్ సంస్థ పేరు చూసి సొంత పరీక్షను మానుకోకండి.

అప్పు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు కట్టాలన్నది ముఖ్యం

పాతికేళ్లకు గాని పెట్టుబడి తిరిగిరాని రహదారి ప్రాజెక్టుకు ఏడాదిలో తీర్చవలసిన అప్పు తెస్తే, ప్రతి ఏడాదీ పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు పుట్టాలి. పుట్టినంతకాలం బండి నడుస్తుంది. రహదారుల వంటి మౌలిక వసతుల ప్రాజెక్టులకు నిధులు సమకూర్చిన ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ పతనంలో ఈ కాలవ్యత్యాసానిదే పెద్ద పాత్ర. దాదాపు 91,000 కోట్ల రూపాయల అప్పుతో, మూడు వందలకు పైగా అనుబంధ సంస్థలతో ఉన్న ఆ గ్రూపు 2018లో వాయిదాలు ఎగవేసే కొద్దికాలం ముందు వరకూ అత్యున్నత రేటింగుతోనే ఉంది. అక్టోబరు 1న కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని బోర్డును మార్చింది. రేటింగు ప్రకటనను చదవడం అవసరమే గానీ, అక్షరాలను కాక వాటి కింద రాసిన కారణాలను చదవాలి. రేటింగు సంస్థకు కంపెనీ సమాచారం ఇవ్వడం మానేసిందన్న వాక్యం కనిపిస్తే అది రేటింగు తగ్గింపు కన్నా తీవ్రమైన సంకేతమని నా అభిప్రాయం.

దీన్ని పరీక్షించడానికి బ్యాలెన్స్ షీటులో ఏడాదిలోపు కట్టవలసిన అప్పుల మొత్తాన్ని తీసుకుని, వ్యాపారం వల్ల ఏడాదిలో వచ్చే నగదునూ, నిజంగా చేతిలో ఉన్న నిల్వనూ కలిపి దానితో పోల్చాలి. మొదటిది రెండవదాన్ని బాగా మించితే ఆ కంపెనీ బతుకు అప్పిచ్చేవారి మనసు మీద ఆధారపడి ఉందని అర్థం. స్వల్పకాలానికి తెచ్చిన నిధులను దీర్ఘకాలిక అవసరాలకు వాడారా అన్న ప్రశ్నకు ఆడిటరు తన నివేదికకు జతచేసే అనుబంధంలో సూటిగా జవాబు రాయాలి. కారో అని పిలిచే ఆ అనుబంధాన్ని తప్పక చదవండి. అప్పుల వాయిదాలు తప్పాయా, ప్రావిడెంట్ ఫండు, జీఎస్‌టీ వంటి వివాదం లేని చట్టబద్ధ బకాయిలు ఆరు నెలలకు మించి ఆగాయా, ఏడాదిలో కట్టవలసినవి కట్టగల శక్తి మీద సందేహం ఉందా, అంతకుముందున్న ఆడిటరు మధ్యలో రాజీనామా చేశాడా అన్న సంగతులన్నీ అందులోనే దొరుకుతాయి.

ప్రమోటర్ల ఇతర వ్యాపారాలు

సత్యం కథలో బహిరంగంగా కనిపించిన ఆనవాళ్లు లెక్కల్లో కన్నా ఇక్కడే ఎక్కువగా ఉన్నాయి. 2001లో పాతిక శాతం దగ్గర ఉన్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకు దిగింది. తాము కట్టిన సంస్థ అంత బాగా నడుస్తుంటే, దానిలో తమ వాటాను ఎందుకు తగ్గించుకుంటూ పోతున్నారన్న ప్రశ్నకు బయట పెద్దగా చర్చ జరగలేదు. మరోవైపు అదే కుటుంబం చేతుల్లో, సత్యం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనుక నుంచి చదివితే వచ్చే మేటాస్ పేరుతో భూముల, నిర్మాణాల వ్యాపారం పెరుగుతూ వచ్చింది.

హైదరాబాద్ మెట్రో మొదటి టెండరును గుర్తుచేసుకుంటే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 2008లో మిగతా బిడ్డర్లు ప్రభుత్వం నుంచి ఆర్థిక సాయం కోరగా, మేటాస్ నాయకత్వంలోని బృందం కాంట్రాక్టు కాలంలో ప్రభుత్వానికే 30,311 కోట్ల రూపాయలు ఇస్తామని ముందుకు వచ్చింది. అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ భూముల విలువతో ముడిపడిన ఆ లెక్కను బహిరంగంగానే ప్రశ్నించారు. చివరకు ఆ బృందం నిధులు సమకూర్చుకోలేక 2009లో కాంట్రాక్టు పోగొట్టుకుంది. పోటీదారులెవరికీ గిట్టుబాటు కాని ధరకు ఒక కంపెనీ పనులు దక్కించుకుంటూ పోతుంటే, దానికి రహస్యమైన నైపుణ్యం ఉందనుకునే ముందు, దానికి తక్షణం నగదో పేరో ఎంత అవసరమో ఆలోచించాలి. ఇది ఈనాటి కాంట్రాక్టు కంపెనీలకు కూడా వర్తిస్తుంది.

2008 డిసెంబరు 16న సత్యం నగదుతో మేటాస్ ప్రాపర్టీస్‌నూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో సగానికి పైగా వాటానూ దాదాపు 160 కోట్ల డాలర్లకు కొంటామని బోర్డు ప్రకటించింది. వాటాదారులు తిరగబడడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను నింపడానికి అది చివరి ప్రయత్నమని తరువాత లేఖలో రాజు రాశారు. పుస్తకాల్లో ఉన్న లేని నగదుతో సొంత కుటుంబం ఆస్తులను కొన్నట్టు చూపితే గొయ్యి పూడిపోతుందన్నది ఆలోచన. మేటాస్ ఇన్‌ఫ్రాను ఆ తరువాత చేపట్టిన ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కూడా తొమ్మిదేళ్లకు కూలిపోవడం బాధ కలిగించే విషయం.

అందువల్ల వివరణల్లో సంబంధిత పక్షాల లావాదేవీలు అన్న శీర్షిక కింద ఉన్న పట్టికను పెన్సిలు పట్టుకుని చదవాలి. ప్రమోటరు కుటుంబ సభ్యుల కంపెనీలకు ఇచ్చిన అప్పులూ, అడ్వాన్సులూ, హామీలూ ఏటేటా పెరుగుతున్నాయా, తిరిగి వస్తున్నాయా, లేక ఒక పేరు మీద కొట్టివేసి మరో పేరు మీద మళ్లీ ఇస్తున్నారా అన్నది చూడాలి. వాటాల పట్టికలో ప్రమోటర్ల షేర్లలో ఎంత శాతం తాకట్టులో ఉందో చూపే గడి కూడా ఉంటుంది. సత్యం ఉదంతం బయటపడిన 2009 జనవరిలోనే స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ వెల్లడిని తప్పనిసరి చేసింది. ఆ తాకట్టు సగం దాటి, త్రైమాసికం త్రైమాసికానికీ పెరుగుతూ ఉంటే ప్రమోటరుకు వేరే చోట డబ్బు కావలసివస్తోందని గ్రహించాలి. షేరు ధర పడినప్పుడు అప్పిచ్చినవారు ఆ షేర్లను అమ్మేస్తారు, దానితో ధర మరింత పడుతుంది.

అతిగా విస్తరించడం

ఇందులో మోసం ఉండనవసరం లేదు, ఆశ ఉంటే చాలు. జెట్ ఎయిర్‌వేస్ 2007లో ఎయిర్ సహారాను 1,450 కోట్ల రూపాయలకు కొంది. అదే ఏడాది కింగ్‌ఫిషర్ కూడా ఎయిర్ డెక్కన్‌ను చేజిక్కించుకుంది. ఒక్క ఏడాదీ నికర లాభం చూడని కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. జెట్ 2019 ఏప్రిల్ 17 వరకూ ఎగిరి ఆగింది, 2024లో సుప్రీంకోర్టు దాని ఆస్తుల విక్రయానికి ఆదేశించింది. విమాన ఇంధనం ధర, అద్దెలు, డాలరు విలువ ఏవీ చేతిలో లేని వ్యాపారంలో, పోటీదారును కొని దాని అప్పులనూ నష్టాలనూ కూడా నెత్తిన పెట్టుకుంటే ఒక చెడ్డ సంవత్సరాన్ని తట్టుకునే శక్తి పోతుంది.

హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌ది ఇంకో దారి. అప్పుతో విద్యుత్ కేంద్రాలు కట్టి, 2011లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రిఫిన్ బొగ్గు గనులను కూడా కొంది. విజయవాడ పక్కన కొండపల్లిలోని దాని కేంద్రం గ్యాస్ మీద ఆధారపడినది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం నుంచి వస్తుందనుకున్న గ్యాస్ తగ్గిపోవడంతో ఆంధ్ర తీరంలోని అలాంటి కేంద్రాలెన్నో కట్టి కూడా ఖాళీగా నిలిచాయి. కేంద్రం ఆగినా వడ్డీ ఆగదు. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపమన్న 12 పెద్ద ఖాతాల్లో ల్యాంకో ఒకటి, 2018 ఆగస్టులో దాని ఆస్తుల విక్రయానికి దివాలా కేసులు విచారించే కంపెనీ లా ట్రైబ్యునల్ హైదరాబాద్ బెంచి ఉత్తర్వు ఇచ్చింది.

ఈ ఉదాహరణల నుంచి తీసుకోవలసిన పరీక్ష ఇలా ఉంటుంది: కంపెనీ మనుగడకు తప్పనిసరి అయిన ఒకే ఒక్క వనరు గానీ, ఒకే ఒక్క కొనుగోలుదారు గానీ, ఒకే ఒక్క అనుమతి గానీ ఉందా, అది ఏడాదిపాటు ఆగిపోతే వడ్డీ ఎక్కడి నుంచి కడతారు? నిర్మాణంలో ఉన్న పనుల కింద చూపే మొత్తం ఏళ్ల తరబడి తగ్గకుండా ఉందంటే, డబ్బు కాంక్రీటుగా మారి ఆదాయం ఇవ్వకుండా నిలిచిపోయిందని అర్థం.

లోపల ఉన్నవారికీ సరుకు పంపేవారికీ ముందే తెలిసేవి

ఉద్యోగులు నివేదిక కోసం ఆగనవసరం లేదు. జీతం నుంచి ప్రావిడెంట్ ఫండు కోస్తున్నట్టు స్లిప్పులో ఉండి, ఉమంగ్ యాప్‌లోని పాస్‌బుక్‌లో ఆ నెల జమ కనిపించకపోతే అది గట్టి సంకేతం, ఎందుకంటే యజమాని మరుసటి నెల 15వ తేదీకల్లా కట్టాలి. కోసిన ఆదాయపు పన్ను కూడా త్రైమాసికం లెక్కలు దాఖలైన తరువాత పన్ను శాఖ పోర్టల్‌లోని మీ ఖాతాలో కనిపించాలి. కింగ్‌ఫిషర్‌పై కూడా ఈ విషయంలో ఆదాయపు పన్ను శాఖ కేసులు పెట్టింది. డబ్బుకు కటకటలాడే యజమాని వడ్డీ లేకుండా దొరికే అప్పు కోసం మొదట చూసేది ఉద్యోగుల నుంచి కోసి ఉంచిన సొమ్ము వైపే.

సరఫరాదారుల విషయంలో నాకు వ్యక్తిగతమైన బాధ ఉంది. బాలానగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపే మా పెదనాన్నగారి అబ్బాయికి ఒక పెద్ద కంపెనీ 45 రోజుల్లో ఇచ్చే చెల్లింపు 75 రోజులకు, ఆపైన 120 రోజులకు జరిగింది. అదే సమయంలో ఆర్డర్లు మాత్రం రెట్టింపయ్యాయి. అన్నయ్య దాన్ని అదృష్టమనుకుని కొత్త యంత్రం కొన్నాడు. మిగతా సరఫరాదారులు అరువు మానేయడం వల్ల ఆ ఆర్డర్లన్నీ ఇంకా అరువిచ్చే ఒక్కడి దగ్గరికి వచ్చి చేరాయని కంపెనీ దివాలా ప్రకటన వెలువడ్డాక గాని మాకు అర్థం కాలేదు. చెల్లింపు ఆలస్యమవుతూ ఆర్డరు పెరుగుతుంటే, తోటి సరఫరాదారులను అడగండి. టీ తాగుతూ అడిగే ఆ పది నిమిషాల్లో ఏ రేటింగు ప్రకటనలోనూ దొరకని సమాచారం దొరుకుతుంది.

ఆనవాళ్లు కనిపిస్తే చేయవలసినది

వాటాదారు అయితే అమ్మి బయటపడడమే తప్ప మరో మార్గం లేదు, కొన్న ధర మళ్లీ వస్తుందని ఎదురుచూడడం వల్ల అంకెలు మారవు. ఉద్యోగి అయితే జీతం స్లిప్పులు, నియామక పత్రం, పాస్‌బుక్ ప్రతులు కంపెనీ కంప్యూటరులో కాక తన దగ్గర భద్రపరచుకుని, వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టాలి.

సరఫరాదారుకు మాత్రం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అయితే అవన్నీ దివాలా ప్రక్రియ మొదలయ్యే ముందే చేయాలి. బకాయి మొత్తాన్ని ఒప్పుకుంటూ కంపెనీ నుంచి రాతపూర్వకంగా బ్యాలెన్స్ నిర్ధారణ తీసుకోవాలి. కొత్త సరుకును అడ్వాన్సు మీద గానీ బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనుగోలుదారు తరఫున చెల్లిస్తానన్న బ్యాంకు హామీ పత్రం) మీద గానీ మాత్రమే పంపాలి. రాబోయే తేదీ వేసి ఇచ్చిన చెక్కులను హామీగా నమ్మకూడదు, ఎందుకంటే ప్రక్రియ మొదలైతే కంపెనీ మీద చెక్కు బౌన్సు కేసులు కూడా ఆగిపోతాయని, డైరెక్టర్లు వంటి వ్యక్తుల మీద మాత్రమే కొనసాగుతాయని సుప్రీంకోర్టు 2021లో తీర్పునిచ్చింది. చిన్న పరిశ్రమల కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటిన బకాయి మీద బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కోరే హక్కుంది. ఇలాంటి బకాయిల తగాదాలు చూసే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. ట్రైబ్యునల్‌లో దివాలా దరఖాస్తు వేయడానికి కనీస బకాయిని 2020 మార్చిలో లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు కాబట్టి చిన్నవారిలో చాలామందికి ఆ తలుపు మూసుకుపోయింది, కౌన్సిలే వారికి మిగిలిన ముఖ్యమైన దారి.

అప్పటికే ప్రక్రియ మొదలైపోయి ఉంటే, కంపెనీని చూసుకోవడానికి ట్రైబ్యునల్ నియమించే తాత్కాలిక పరిష్కార నిపుణుడు పత్రికల్లోనూ, దివాలా బోర్డు వెబ్‌సైటులోనూ ప్రకటన ఇస్తాడు. సరఫరాదారు ఫారం బీ, ఉద్యోగి ఫారం డీ నింపి, బిల్లులు, డెలివరీ చలాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి, ఆ ప్రకటనలో ఇచ్చిన గడువులోగా ఈమెయిల్‌లో పంపి, అందినట్టు జవాబు తెప్పించుకుని దాచుకోవాలి.